బల్ల మీదే పొయ్యి: కొరియాలో చిన్న గోగీజిప్‌కు వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణ కొరియాలోని సువాన్‌లో మా ఆఫీసుకు కొత్తగా తెలుగువారు ఎవరు చేరినా, మొదటి నెల తిరగకముందే టీమ్ అంతా కలిసి చేసే రాత్రి భోజనానికి పిలుపు వస్తుంది. ఆ మధ్యాహ్నం నా ఫోను మోగుతుంది. "ఎక్కడికో తీసుకెళ్తున్నారట, బల్ల మధ్యలో పొయ్యి ఉంటుందట, మనమే కాల్చుకోవాలట, నిజమేనా?" అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. పెద్ద హోటళ్ల సంగతి ఇందులో లేదు. సందు చివర, పది బల్లలకు మించని చిన్న దుకాణాల గురించే ఇదంతా. వాటిని కొరియన్‌లో గోగీజిప్ అంటారు. గోగీ అంటే మాంసం, జిప్ అంటే ఇల్లు.

లోపల అడుగు పెట్టగానే ఏం చేయాలి?

ఎంతమంది వచ్చారో వేళ్లతో చూపిస్తే చాలు, బల్ల చూపిస్తారు. కొన్ని పాత దుకాణాల్లో నేల మీద కూర్చోవాలి, అక్కడ చెప్పులు బయటే. కోటు, సంచి ఒళ్లో పెట్టుకోకండి. మీరు కూర్చున్న గుండ్రటి స్టూలు మూత తీస్తే లోపల డబ్బాలా ఉంటుంది, వాటిని అందులో పడేయాలి. అలాంటి స్టూలు లేకపోతే పెద్ద ప్లాస్టిక్ సంచి ఇస్తారు. చెంచాలు, చాప్‌స్టిక్‌లు ఎవరూ తెచ్చివ్వరు. బల్ల పక్కన తడిమితే సొరుగు ఒకటి తగులుతుంది, అందులోనే ఉంటాయి. మంచినీళ్లు చాలాచోట్ల మనమే తెచ్చుకోవాలి. ఆప్రాన్ అడిగితే ఇస్తారు. తెల్ల చొక్కా వేసుకొచ్చినవారు సిగ్గుపడకుండా అడగండి.

ఆర్డర్ ఇచ్చిన కాసేపటికి ఒకరు ఇనుప బకెట్లో ఎర్రగా కణకణలాడే బొగ్గులు తెచ్చి బల్ల మధ్య గుంటలో దింపుతారు. అప్పుడు మోచేతులు వెనక్కి తీసుకోండి. తర్వాత పైనుంచి వేలాడే పొగగొట్టాన్ని కిందికి లాగుతారు. అది మాంసం కాల్చే జాలీకి జానెడు, జానెడున్నర ఎత్తులో ఉండాలి. అడ్డంగా ఉందని పైకి నెట్టేస్తే పొగంతా మీ కళ్లలోకే వస్తుంది.

మెనూలో పేర్లన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది ఏమిటి?

ముందు ఇది పంది మాంసం దుకాణమా, గొడ్డు మాంసం దుకాణమా అన్నది చూడాలి. చిన్నవి సాధారణంగా ఏదో ఒకదానికే పేరుపడి ఉంటాయి.

పందిలో రారాజు సమ్‌గ్యోప్సల్. పొట్ట భాగం. సమ్ అంటే మూడు, గ్యోప్ అంటే పొర, సల్ అంటే కండ. కొవ్వు, కండ పొరలు పొరలుగా కనిపిస్తాయి కాబట్టి ఆ పేరు. మూడో నెల మూడో తేదీని, అంటే మార్చి 3ని, సమ్‌గ్యోప్సల్ రోజుగా జరుపుకునేంత ఇష్టం వీళ్లకు. కొవ్వు మరీ ఎక్కువనిపిస్తే మెడ దగ్గరి మోక్సల్ అడగండి. మొదటిసారి వెళ్లేవారికి నేను చెప్పేది అదే. గల్మేగిసల్ అన్న పేరు చూసి నా మిత్రుడొకడు పక్షి మాంసమనుకుని పారిపోబోయాడు. గల్మేగి అంటే సముద్రపు కాకి మరి. నిజానికి అది పంది విభాజక పటలం, అంటే ఛాతీకి పొట్టకు మధ్య ఉండే పొర, దగ్గరి కండ. ఆ పొర పేరే నోళ్లలో నలిగి పక్షి పేరులా తేలింది.

గొడ్డు మాంసంలో గల్బి అంటే పక్కటెముకల మాంసం. మసాలా పట్టించింది యాంగ్న్యోమ్ గల్బి, ఏమీ పట్టించనిది సెంగ్ గల్బి. మా సువాన్ ఊరికి ఈ గల్బితోనే పేరు. ఒకప్పుడు ఇక్కడ పెద్ద పశువుల సంత ఉండేది. ఎముకను పొడవుగా ఉంచి కోస్తారు కాబట్టి దీన్ని వాంగ్ గల్బి, అంటే రాజు గల్బి, అంటారు. మిగతా చోట్ల సోయా సాస్‌లో నానబెడితే, సువాన్ పద్ధతిలో ఉప్పు వేస్తారు. చాదోల్‌బేగి అంటే కాగితంలా పల్చగా తరిగిన రొమ్ము భాగం. అది జాలీ మీద పడ్డ క్షణాల్లో ముడుచుకుపోతుంది, కబుర్లలో పడితే బొగ్గే మిగులుతుంది. హనూ అని కనిపిస్తే అది కొరియా దేశవాళీ పశువు మాంసం. దానికి గ్రేడ్లు కూడా ఉన్నాయి, 1++ అన్నది అన్నిటికంటే పైది. ధర చూసి తెల్లబోకండి, ఆఫీసు ఖర్చయితే మాత్రం నిశ్చింతగా తినండి.

బోటి ఇష్టపడేవారికి ఒక శుభవార్త. గోప్‌చాంగ్ అంటే చిన్నపేగులు. వాటికోసమే ప్రత్యేకమైన దుకాణాలున్నాయి. మన బోటి కూరలా ఉడకబెట్టరు, పెనం మీద బయట కరకరలాడేదాకా కాలుస్తారు. నాకు మన కూరే నచ్చుతుంది, కానీ వాదించను.

ఎంత ఆర్డర్ చేయాలి? ఎంత అవుతుంది?

లెక్క ఇన్‌బున్‌లలో ఉంటుంది, అంటే ఒక మనిషి వాటా. సాధారణంగా ఒక వాటా 150 నుంచి 200 గ్రాములు, పచ్చి మాంసం బరువు. మొదటిసారి రెండు వాటాలకు తక్కువ ఇవ్వరు. ముగ్గురు వెళ్తే మూడు వాటాలతో మొదలుపెట్టి, చాలకపోతే మళ్లీ చెప్పుకోవచ్చు. ఒకేసారి ఆరు వాటాలు చెప్పి బల్ల నింపుకోవడం మన అలవాటు. ఇక్కడ అలా చేస్తే పచ్చి మాంసం పక్కన ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

సియోల్‌లో 200 గ్రాముల సమ్‌గ్యోప్సల్ సగటు ధర 2024లో 20,000 వొన్‌లు దాటింది. అప్పటి మారకంలో సుమారు 1,200 రూపాయలు. బడ్జెట్ వేసుకునేవారు తలా ఒకటిన్నర వాటా, చివర్లో ఒక నూడుల్స్ గిన్నె లెక్కేసుకోండి.

కాల్చేది ఎవరు? నేనే అయితే ఎలా?

ఖరీదైన మాంసమైతే దుకాణం వాళ్లే కాలుస్తారు. మామూలు చోట బల్ల దగ్గర ఒకరు పట్టకారు అందుకుంటారు, చాలాసార్లు వయసులో చిన్నవారు. ఒకసారి అందుకున్నాక చివరిదాకా వారిదే పెత్తనం. నలుగురూ తలా ఒక చాప్‌స్టిక్‌తో ముక్కలు కెలికితే దుకాణం పెద్దావిడ దూరం నుంచే కేకేస్తుంది.

మందమైన సమ్‌గ్యోప్సల్ పలక పెట్టే ముందు పెనం వేడెక్కిందో లేదో చూడండి. చెయ్యి తగలకుండా కాస్త పైన ఉంచి చూస్తే తెలిసిపోతుంది. మాంసం పెట్టగానే చర్రుమనాలి. చప్పుడు రాకపోతే తీసేయండి, పెనం ఇంకా కాగలేదు. పెట్టాక కదపకండి. అంచులు తెల్లబడి, పైన చెమటలా నీటి బొట్లు తేలినప్పుడు తిప్పండి. రెండో వైపు కూడా బంగారు రంగుకు వచ్చాక పట్టకారుతో ఒక కొస పైకెత్తి, కత్తెరతో బొటనవేలంత ముక్కలుగా కత్తిరించాలి. అవును, కత్తెరే. బట్టలు కత్తిరించే వస్తువుతో మాంసమా అని మొదట్లో అందరూ నవ్వుతారు, ఆ తర్వాత చాలామంది ఇంటికి ఒకటి కొనుక్కుంటారు. కత్తిరించిన ముక్కల పక్కలు ఇంకా పచ్చిగా ఉంటాయి కాబట్టి వాటిని కూడా తిప్పుతూ కాల్చాలి. పంది మాంసం పూర్తిగా ఉడకాల్సిందే.

కొన్ని పెనాలు వాలుగా ఉంటాయి. కరిగిన కొవ్వు కిందికి జారుతుంది. ఆ దారిలో కిమ్చీ (పులియబెట్టిన క్యాబేజీ పచ్చడి), వెల్లుల్లి రెబ్బలు పెట్టండి. కొవ్వులో వేగిన పుల్లటి కిమ్చీ ముందు మాంసం కూడా వెలవెలబోతుంది.

మసాలా గల్బి తీరు వేరు. అందులో తీపి ఉంటుంది, కాబట్టి ఇట్టే మాడుతుంది. తరచుగా తిప్పుతూనే ఉండాలి. జాలీ నల్లబడితే "బుల్‌పన్ గారా జుసేయో" అనండి, మార్చి కొత్తది పెడతారు, డబ్బు తీసుకోరు. పచ్చి మాంసాన్ని మాత్రం మీరు తినే చాప్‌స్టిక్‌లతో ముట్టుకోకండి, పట్టకారు ఉన్నది అందుకే.

అన్నం ఎప్పుడు తెస్తారు?

ఎక్కువమంది అడిగేది ఇదే. మన తిప్పలన్నీ కూడా దీని దగ్గరే. ఇబ్బంది పెట్టేది కారం, చాప్‌స్టిక్‌లు కావు, తినే వరస.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు కూర్చోగానే అన్నం అడిగాను. వడ్డించే ఆవిడ ఒక్క క్షణం నా ముఖం చూసి, మూత ఉన్న చిన్న స్టీలు గిన్నె తెచ్చిపెట్టింది. ఆ గిన్నె చేత్తో పట్టుకుంటే వేళ్లు కాలాయి, అది వేరే సంగతి. బల్ల మీదున్న కిమ్చీ, మొలకలు, ముల్లంగి అన్నీ నంజుకుంటూ ఆ అన్నం తినేశాను. ఇంకొకటి అడిగి అదీ తిన్నాను. మాంసం కాలేసరికి నా కడుపు నిండింది. పక్కన మా టీమ్ పెద్దాయన ప్రేమగా ఒక్కో ముక్కా తెచ్చి నా పళ్లెంలో పెడుతున్నాడు. పెద్దవాళ్లు పెట్టింది వదలకూడదు. ఆ రాత్రి బస్సు ఎక్కకుండా ఇంటిదాకా నడిచాను.

ఇక్కడ మొదట మాంసం, చివరన అన్నమో నూడుల్సో. మాంసం పళ్లేలు ఖాళీ అయ్యాక ఆవిడ వచ్చి "సిక్సా?" అని అడుగుతుంది. సిక్సా అంటే భోజనం. అరకిలో మాంసం లాగించినవాడిని భోజనం చేస్తావా అని అడగడం చూసి మొదట్లో నవ్వొచ్చేది. కాస్త ఆలోచిస్తే వాళ్లూ మనలాంటివాళ్లే. అన్నం పడితేనే భోజనం, అంతకుముందు తిన్నదంతా కబుర్ల కోసం. కొరియన్లు పలకరించుకోవడం కూడా "బప్ మొగొస్సో?" అనే, అంటే అన్నం తిన్నావా అని. మనకంటే అన్నాన్ని గంటన్నర ఆలస్యంగా పిలుస్తారు, అంతే తేడా.

సిక్సా కింద రెండు దారులు. వేడిగా కావాలంటే అన్నం, దానితో దెన్‌జాంగ్ జిగే, అంటే పులియబెట్టిన సోయా ముద్దతో కాచిన పులుసు. చల్లగా కావాలంటే నెంగ్‌మ్యోన్, మంచు ముక్కలు తేలే పులుసులో బుక్‌వీట్ నూడుల్స్. కొవ్వు తిన్న నోటికి ఆ చల్లదనం ఎలా ఉంటుందో చెప్పినా అర్థం కాదు. నూడుల్స్ పొడవుగా సాగుతాయి, కత్తెరతో రెండుసార్లు కత్తిరించమంటే కత్తిరిస్తారు.

అన్నం ముందే కావాలని మీకు నిజంగా అనిపిస్తే అడగండి, తెస్తారు. కొరియన్లలోనూ అలా తినేవారున్నారు. కాకపోతే సగం గిన్నె దగ్గర ఆగండి.

ఆకులో చుట్టి తినడం ఎలా?

కిళ్ళీ చుట్టడం వచ్చా? అదే. లెట్యూస్ ఆకు అరచేతిలో పరిచి, దాని మీద కెన్నిప్ ఆకు, ఒక మాంసం ముక్క, కొంచెం సమ్‌జాంగ్ (సోయా, మిరప కలిపిన ముద్ద), వేయించిన వెల్లుల్లి రెబ్బ, ఉల్లికాడల సలాడ్ పెట్టి, అంచులు మడిచి మొత్తం ఒక్కసారే నోట్లో పెట్టుకోవాలి. దీన్నే సామ్ అంటారు. సగం కొరికితే మిగతాది చొక్కా మీద పడుతుంది. బుగ్గలు ఉబ్బినా ఎవరూ ఏమీ అనుకోరు, అందరివీ ఉబ్బే ఉంటాయి.

కెన్నిప్‌ను నువ్వుల ఆకు అని చెప్తుంటారు, అది నువ్వు మొక్కది కాదు. పెరిల్లా అనే వేరే మొక్క, తులసి, పుదీనా కుటుంబంలోది. వాసన ఘాటుగా ఉంటుంది. మొదటి రోజు నచ్చదు, నెల తర్వాత అది లేకపోతే వెలితిగా ఉంటుంది. ఎవరైనా తమ చేత్తో సామ్ చుట్టి మీ నోటికి అందిస్తే అది ఆప్యాయత. మనవాళ్లు గోరుముద్దలు పెట్టినట్టే, కాదనకండి.

చిన్న గిన్నెల్లో వచ్చినవన్నీ ఉచితమేనా?

ఉచితమే. వాటిని బన్‌చాన్ అంటారు. అయిపోతే ఖాళీ గిన్నె చూపించి "దొ జుసేయో" అంటే మళ్లీ ఇస్తారు. కొన్నిచోట్ల మూలన బల్ల మీద పెట్టి మనల్నే తెచ్చుకోమంటారు. ఎంత తినగలిగితే అంతే తెచ్చుకోండి. ఒక బల్ల మీద మిగిలింది ఇంకో బల్లకు పెట్టడం ఇక్కడి నిబంధనల ప్రకారం నేరం, అంటే మీరు వదిలేసిందంతా చెత్తలోకే.

నేను గొడ్డు మాంసం (లేదా పంది మాంసం) తినను. వెళ్లొచ్చా?

మూడు మాటలు నేర్చుకోండి. సో అంటే ఆవు, ద్వేజి అంటే పంది, దాక్ అంటే కోడి. గోగీ ముందు ఏ మాట ఉందో అడిగితే సగం పని అయిపోతుంది. హోటళ్లు మాంసం ఏ దేశం నుంచి వచ్చిందో రాసి పెట్టాలన్న నియమం ఉంది కాబట్టి, గోడ మీద ఆ పట్టిక వెతికితే ఏయే మాంసాలు వాడుతున్నారో కూడా అక్కడే తేలుతుంది.

దొంగదెబ్బ తీసేవి పక్క వంటకాలు. పంది మాంసం దుకాణంలోనూ నెంగ్‌మ్యోన్ పులుసు చాలావరకు గొడ్డు మాంసంతో కాచినదే. దెన్‌జాంగ్ జిగేలో చిన్న ముక్కలు వేసే చోట్లూ ఉన్నాయి. అందుకని ముందే అడగండి.

రెండూ తిననివారికి నా సలహా దాక్‌గల్బి. చున్‌చొన్ అనే ఊరి వంటకం. ఎముకల్లేని కోడి, క్యాబేజీ, చిలగడదుంప, బియ్యపు పిండి ముక్కలు ఎర్రటి మసాలాలో కలిపి, మన ముందే పెద్ద ఇనుప పెనం మీద వేయిస్తారు. అయిపోయాక అదే పెనంలో అన్నం వేసి, అడుగు పట్టేదాకా నొక్కి వేయిస్తారు. ఆ మాడు గీకి తినడానికే నేను వెళ్తాను. టీమ్ భోజనం ఎక్కడన్నది ఇంకా తేలకపోతే ఈ పేరు ధైర్యంగా చెప్పండి, కొరియన్లూ సంతోషిస్తారు. హలాల్ తప్పనిసరి అయినవారు మామూలు గోగీజిప్‌లను నమ్ముకోకుండా సియోల్‌లో ఇతేవోన్ మసీదు చుట్టుపక్కల చూడండి.

శాకాహారిని. ఏమైనా దొరుకుతుందా?

మొహమాటం లేకుండా చెప్తాను, ఇది మీ చోటు కాదు. కిమ్చీలో చేపల సాసో ఉప్పు రొయ్యలో ఉంటాయి. పులుసుకు ఎండు చేపల నీళ్లు పోస్తారు. పుట్టగొడుగులు కాల్చుకుందామంటే అదే జాలీ. తప్పనిసరిగా వెళ్లాల్సి వస్తే ముందే ఇంట్లో తిని వెళ్లి, అన్నం, ఆకులు, సమ్‌జాంగ్, పచ్చి వెల్లుల్లితో కాలక్షేపం చేయండి. ఎంపిక మీదైతే బౌద్ధ ఆలయ భోజనం వడ్డించే చోటికి తీసుకెళ్లమనండి.

కారంగా ఉంటుందా?

మీరు గుంటూరు వైపు వారైతే ఈ ప్రశ్న చదవనక్కర్లేదు. రంగు ఎరుపే, లోపల తీపి. పచ్చిమిరపకాయల్లో చొంగ్యాంగ్ రకం ఒక్కటే కాస్త పలకరిస్తుంది.

వడ్డించేవారిని ఏమని పిలవాలి?

బల్ల మీద బెల్లు ఉంటే నొక్కండి. లేకపోతే "యోగియో!" అని కేకేయండి, ఇటు చూడండి అన్నట్టు. చిన్న గొంతుతో అంటే ఎవరికీ వినపడదు. నడివయసు దాటిన ఆవిడను ఇమో అని పిలవడం వాడుక. ఇమో అంటే అమ్మ తోడబుట్టినావిడ, అంటే మన పిన్నో పెద్దమ్మో. యజమానిని సజాంగ్నిమ్ అంటారు. ఒక జాగ్రత్త: ముప్ఫై ఏళ్ల అమ్మాయిని ఇమో అంటే, మన దగ్గర అదే వయసు అమ్మాయిని పెద్దమ్మా అన్నంత ప్రమాదం.

మద్యం తాగను. ఇబ్బంది పెడతారా?

ఇదివరకటంత బలవంతం లేదు. సైదా అడగండి, అది నిమ్మ సోడా. దాన్నే చిన్న గ్లాసులో పోసుకుని అందరితో పాటు గ్లాసు తగిలించండి. పెద్దవారు పోస్తుంటే రెండు చేతులతో గ్లాసు పట్టుకోవాలి, మీరు పోసేటప్పుడూ రెండు చేతులే. పెద్దవారి ఎదుట తాగేటప్పుడు తల కాస్త పక్కకు తిప్పుకుంటారు. వయసులో అందరికంటే పెద్దాయన ముద్ద ఎత్తేదాకా మిగతావారు ఆగుతారు, ఇది మనకు కొత్త కాదు.

ఒక్కడినే వెళ్తే?

రెండు వాటాలకు డబ్బు కడతానంటే చాలాచోట్ల కూర్చోబెడతారు. రద్దీ వేళల్లో వెళ్లకండి. మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా కొన్ని దుకాణాలు మూసి ఉంటాయన్నది కూడా గుర్తుంచుకోండి.

చిన్నపిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లొచ్చు, గోడ వైపు కూర్చోబెట్టండి. బొగ్గుల బకెట్ వచ్చేది నడవ వైపు నుంచి. గెరాన్ జిమ్ అని ఆవిరి మీద ఉడికించి పొంగించిన గుడ్డు దొరుకుతుంది, పిల్లలకు అదే భోజనం. హోటళ్లలో పొగతాగడం 2015 నుంచి పూర్తిగా నిషేధం, కాబట్టి పొగ అంటే మాంసం పొగే.

బిల్లు, టిప్పు?

వెళ్లేటప్పుడు తలుపు దగ్గర కౌంటరులో కడతారు. మెనూలో ఉన్న ధరే చివరి ధర, పన్ను అందులోనే. టిప్పు ఇవ్వరు. బల్ల మీద డబ్బు వదిలి వెళ్తే మరిచిపోయారనుకుని వెనకాల పరుగెత్తుకొస్తారు. అందరూ పంచుకోవడం కంటే ఒకరు కట్టడమే ఎక్కువ. పెద్దవారు కడితే, తర్వాత కాఫీ మీరు ఇప్పించండి.

మన దగ్గర ఇలాంటివి ఉన్నాయా?

పెనుకొండ దగ్గర కియా కార్ల తయారీ 2019లో మొదలయ్యాక, అక్కడ పనిచేసే కొరియన్ల కోసం ఆ చుట్టుపక్కల కొరియన్ భోజనశాలలు వెలిశాయి. సెలవుల్లో అనంతపురం వైపు వెళ్లేవారు కనుక్కుని వెళ్లండి.

బట్టలకు పట్టిన వాసన ఎలా పోతుంది?

ఒక్క రాత్రిలో పోదు. తలుపు దగ్గర స్ప్రే సీసా ఉంటుంది, అందరూ బయటికి వస్తూ ఒకరి వీపు మీద ఒకరు కొట్టుకుంటారు. దానివల్ల మాంసం వాసనకు పూల వాసన తోడవుతుంది, అంతకంటే జరిగేదేమీ లేదు. కోటును రాత్రంతా బాల్కనీలో ఆరేయండి, తలస్నానం చేసి పడుకోండి. మర్నాడు ఉదయం మా ఆఫీసు లిఫ్టులో ఎవరు ఏ దుకాణానికి వెళ్లొచ్చారో ముక్కుతోనే చెప్పేస్తాం. బొగ్గుల దుకాణమా, గ్యాసు దుకాణమా అన్నది కూడా.